ఎవరూ ఇవ్వనిది

మా వాడిని ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోయినా మొదటి ప్రశ్న ఒకటే. వాడి నాలుక చూసేముందు, చెవుల్లో లైటు వేసేముందు, పేరైనా అడిగేముందు, నా వైపూ మా ఆయన వైపూ ఒకసారి చూసి, "సోదరమావనా?" అని, మాది కర్ణాటక కదా, కన్నడలో అడిగేవారు. సొంత మేనమామనేనా చేసుకున్నది అని. అవునంటే చాలు, కలానికి మూత పెట్టేసేవారు. ఇంకేముంది, కారణం దొరికిపోయింది! వాడికి ఐదేళ్ళొచ్చినా ఒక్క మాట ఎందుకు రాలేదో, కాలే పెనం మీద చెయ్యి పెట్టి కూడా ఎందుకు ఏడవలేదో, చొక్కా కాలర్లన్నీ నమిలి నమిలి పీచుపీచు ఎందుకు చేస్తాడో, ఎండాకాలంలో ఒంటికి చెమట పట్టక ఎందుకు సొమ్మసిల్లిపోతాడో, అన్నిటికీ జవాబు నా పెళ్ళే.

చిక్కబళ్ళాపురంలో ఒక పిల్లల డాక్టరైతే నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. చదువుకున్నదానివి, పీయూసీ సైన్సు అంటున్నావు, నువ్వే ఇలా చేసుకుంటే ఎలా అని. అబ్బా, నేనేదో పెళ్ళిచూపులకి నలుగురిని వరసగా నిలబెట్టి, వీడు వద్దు, వాడు వద్దు, నాకు మా మామే కావాలని పట్టుబట్టినట్టు! పీయూసీ పరీక్షలు రాసి ఇంటికొచ్చేసరికి వాకిట్లో పందిరి వేసి ఉంది. మా బాగేపల్లి వీధిలో మేనరికం కానివాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళ పిల్లలందరూ గలగల మాట్లాడుతూ గోడలు దూకి తిరుగుతున్నారు. మరి వాళ్ళ సంగతేమిటండీ అని అడిగితే ఆయన గోడ గడియారం వంక చూశాడు. బయట చాలామంది కూర్చున్నారట.

పోనీ అని ఇంటికొస్తే అక్కడ ఇంకో కథ. మా అత్తంటే వేరే ఎవరో కాదు, మా అమ్మకు అమ్మ. చిన్నప్పటి నుంచీ అవ్వా అని పిలిచాను, పెళ్ళయ్యాకా అవ్వా అనే పిలుస్తున్నాను. అవ్వ చిన్నకొడుకే మా మామ, ఇప్పుడు మా ఆయన. బాగేపల్లిలో ఎరువుల అంగడి నడుపుతాడు. మంచివాడు. కానీ ఏం జరిగినా ఆయన నోట్లోంచి వచ్చేది రెండే మాటలు: "చూద్దాంలే", "పోనీలే". ఆ రెండు మాటలతోనే పెళ్ళినాటి నుంచి నా ప్రాణం విసిగిస్తున్నాడు.

అవ్వ మేనరికం మీద ఈగ వాలనివ్వదు. తను కూడా సొంత మామనే చేసుకుంది. తన పెద్దకొడుక్కి తన అన్న కూతురిని చేసింది. ఆ ఇంట్లో ఎవరిని కదిపినా ఒకరికొకరు రెండు మూడు వరసల్లో చుట్టాలే. మా అమ్మకి మాత్రం వరసైనవాడు దొరక్క, బయటికి ఇచ్చారు. చింతామణి తాలూకాలో బట్లహళ్ళి దగ్గర మల్బరీ తోట, పట్టుపురుగుల పని ఉన్న మా నాయనకి. అంటే ఇంతమంది చుట్టాల మధ్యలో బయటినుంచి వచ్చిన మనిషి మా నాయన ఒక్కడే. తప్పు ఎవరి మీదైనా వెయ్యాలంటే ఇంక వెతికే పనేముంది?

అది కూడా చాటుగా అనలేదు అవ్వ. మా వాడికి పుట్టువెంట్రుకలు తీయించిన రోజు, మూడేళ్ళప్పుడు, బంధువులంతా పంక్తిలో కూర్చుని తింటున్నారు. మంగలివాడు కత్తి తగిలించి మా వాడి చెవి పైన నెత్తురొచ్చింది. వాడు కిమ్మనలేదు. వాడి దారిన వాడు మెళ్ళో వేసిన పూలదండ నములుతున్నాడు. అది చూసిన ఒక ముసలామె, "ఏమమ్మా, ఈ పిల్లోడు ఇట్లుండాడే, నొప్పే తెలీదే వీనికి?" అంది. అవ్వ పప్పు గరిటె చేత్తో పట్టుకునే అంది. "మా పక్క ఎవురూ ఇట్ల లేరమ్మా. ఏడు తరాలు చెప్తా, ఒక్కరు లేరు. నా కోడలి నాయన తమ్ముడు ఒకడుండె కదా మూగోడు, ఆ నెత్తురే ఇది. బయటి నెత్తురు."

మా నాయన సరిగ్గా అవ్వ ఎదురుగా, ఆకు ముందు కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. చేతిలో ముద్ద ఆకులోనే వదిలేసి, లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి నిలబడిపోయింది. తన తల్లినీ ఏమీ అనలేదు, మొగుడినీ ఆపలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమవ్వా నువ్వు, మనిషిని ఆకు ముందునించి లేపుతావా?" అని అందరి ముందూ అరిచాను. అవ్వ గుడ్లురిమి చూసి, "ఉన్న మాటంటే ఉలుకెందుకమ్మా?" అని ఇంకో పంక్తికి పోయింది. మా మామ నా పక్కకొచ్చి మెల్లగా, "పోనీలే" అన్నాడు.

ఆ రోజు నుంచి నాయన బాగేపల్లి గుమ్మం తొక్కలేదు. అది పోనీ, అలకంటే అర్థముంది. కానీ మేము బట్లహళ్ళి వెళ్ళినా మా వాడిని దగ్గరికి తియ్యడం మానేశాడు. అంతకు ముందు వాడికి నాయనంటే ప్రాణం. ఎవరు ఎత్తుకున్నా జారిపోయేవాడు నాయన భుజం మీద మాత్రం మెత్తగా వాలి ఉండేవాడు. నాయన వాడిని పట్టుపురుగుల ఇంట్లోకి తీసుకుపోయేవాడు. పురుగులున్న ఇల్లంటే మా వాళ్ళకి గర్భగుడితో సమానం. కాళ్ళు కడుక్కోకుండా ఎవరూ పోకూడదు, పక్కింట్లో తిరగమోత వేసినా కేకలేస్తారు, చిన్నపిల్లల్నైతే గడప కూడా తొక్కనివ్వరు. అంత పట్టింపు మనిషి వీడికోసం అన్నీ వదిలేశాడు. పురుగు పొర విడిచే నిద్రని మా పక్క జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటాక పురుగులు ఆకలి మీద ఆకు తింటుంటే ఇల్లంతా సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు. కుక్కర్ కూతకి చెవులు మూసుకుని గోడకేసి తల కొట్టుకునే నా కొడుకు ఆ చప్పుడులో ఒక్కచోట కుదురుగా కూర్చునేవాడు. చేతికి దొరికిన ఆకు వాడూ నమిలేవాడు. "చూడమ్మా, వీడు కూడా తింటాండాడు, వీడు కూడా గూడు కడతాడేమో" అని నాయన నవ్వేవాడు.

అలాంటి మనిషి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం మొదలుపెట్టాడు. వీడు వెళ్ళి పంచె పట్టుకుని లాగితే, మెల్లగా వేళ్ళు విడిపించి, "మీయమ్మ దగ్గరికి పో నాయనా" అనేవాడు. ఎందుకిలా చేస్తున్నావని నేను ఎన్నిసార్లు కీచులాడానో. "నా చెయ్యి మంచిది కాదులేమ్మా. ఉన్నది చాలదా వానికి, ఇంగా నేను కూడా తాకాలా" అనేవాడు. అవ్వ అన్న మాట నిజమేనని నాయన నమ్మేశాడు! అదే నాకు పిచ్చెక్కించేది. అవ్వ అంటే సరే, అవ్వ నోరు అంతే. ఈయన ఎందుకు నమ్మాలి?

నిజానికి నాయన తమ్ముడిని నేను చూడలేదు. నేను పుట్టకముందే పోయాడు. మాట లేదట, అంతే తెలుసు. ఆ ఇంట్లో ఆయన గురించి ఎవరూ ఎత్తేవారు కాదు. వాళ్ళమ్మ, మా జేజి, మాత్రం నాకు బాగా గుర్తు. ఆవిడకి ఒక చాదస్తం ఉండేది. కత్తిపీట ముందు కూర్చునేది కాదు. బెండకాయలు చేత్తో విరిచేది, ఆకుకూర గిల్లేది, ఉల్లిగడ్డ గుండ్రాయితో చితక్కొట్టేది. వంకాయ కూర తినాలని ఉంటే ఎవరో ఒకరు వచ్చి కోసిచ్చేదాకా కూర్చునేది. దారిలో కొడవలి పడి ఉంటే తీసేది కాదు, నన్ను పిలిచేది. పల్లెటూరి ముసలివాళ్ళకి ఏవో ఒకటి ఉంటాయి కదా, ఇదీ ఒకటి అనుకున్నాను.

మా వాడికి ఆరేళ్ళు రాబోతుంటే, చిక్కబళ్ళాపురం డాక్టరే, ఆ పాఠాలు చెప్పినాయనే, పుణ్యం కట్టుకుని బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. అక్కడ జీన్లు చూసే డాక్టరమ్మ ఉందట. సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకుని, అలసిపోయిన మొహంతో ఉంది. నేను గదిలో అడుగుపెడుతూనే, "అవునండీ, సొంత మామే" అన్నాను. ఆమె అడగకముందే. నా విసుగు అట్లా ఉంది మరి. ఆమె నవ్వి, "అది తరువాత చూద్దాం, ముందు బాబు సంగతి చెప్పండి" అంది. ఆరేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె.

అన్నీ అడిగింది. నొప్పి తెలియదా, నములుతాడా, చెమట పట్టదా, పసివాడప్పుడు ఒళ్ళు మెత్తగా జారిపోయేదా. ఒక్కొక్కటీ నేను చెప్పకముందే ఆమే చెబుతుంటే తలూపడమే నా పనైంది. వాడి నెత్తురు తీయించింది. మళ్ళీ పిలిచినప్పుడు చెప్పింది: ఇరవై రెండో క్రోమోజోము చివర ఒక చిన్న ముక్క లేదు. అందులో ఉండాల్సిన జీను ఒకటి పోయింది. ఇప్పుడు అమ్మానాన్నలిద్దరి నెత్తురూ చూడాలి, ఇది మీలో ఎవరి నుంచైనా వచ్చిందా, లేక వాడిలోనే కొత్తగా పుట్టిందా తెలుసుకోవాలి అని.

ఆ మాట ఇంట్లో చెప్పడమే నేను చేసిన పని. అవ్వ అందుకుంది. "మీ ఇద్దరిది ఎందుకే? మీ నాయనది తీసుకోని పోండి. తేలిపోతాది." ఇద్దరం తల్లిదండ్రులం కాబట్టి మాది చూడాలవ్వా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "నాకేం చెప్తావు లేవే, నేను చూడని కాన్పులా" అంది. అవ్వతో జీన్ల గురించి వాదించడం కంటే ఎరువు మూటలు మొయ్యడం తేలిక.

మేము నెత్తురివ్వడానికి పోయిన రోజు చిక్కబళ్ళాపురం బస్టాండులో బస్సు మారుతుంటే, ఎదురుగా నాయన. తెల్లచొక్కా వేసుకుని, భుజాన తువ్వాలుతో, పొద్దున్నే శిడ్లఘట్ట మీదుగా వచ్చి మాకోసం కాచుకుని నిలబడ్డాడు. అమ్మ ఎవరి దగ్గరో ఫోనులో విని చెప్పిందట. "నాది కూడా తీసుకోమను. పరీక్ష అంటే పూర్తిగా చెయ్యాల కదా" అన్నాడు. వద్దు నాయనా, నీది అక్కర్లేదంటే వినడే! బస్సులో మా వాడి పక్కన సీటున్నా కూర్చోకుండా, కమ్మీ పట్టుకుని బెంగళూరు దాకా నిలబడే వచ్చాడు. ఆసుపత్రిలో చొక్కా చెయ్యి మడిచి డాక్టరమ్మ బల్ల ముందు చాపాడు. ఆమె, "ముందు వీళ్ళిద్దరిదీ చూస్తామప్పా. వీళ్ళలో ఉంటేనే పెద్దవాళ్ళది కావాలి" అంది. నాయన చొక్కా చెయ్యి దింపుకున్నాడు. ఆమె తన మొహం చూసి జాలిపడి అలా అందని ఆయన అనుమానం. తిరుగు దారిలో, "నాదే అని తెలిసినా నాకు దాచొద్దమ్మా, చెప్పేయి" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. కోపమే బయటికి చూపించాను. "ఊరుకో నాయనా, నా తల తినొద్దు" అన్నాను.

ఆ జవాబు వచ్చేదాకా ఇల్లు ఇల్లుగా లేదు. అంగడికి ఎరువు కోసం వచ్చినవాళ్ళు కూడా, "ఏమప్పా, బెంగళూరు నించి ఏమన్నా తెల్సినాదా? నీదా, నీ పెండ్లాం నాయనదా?" అని అడిగిపోయేవారు. ఎవరిదో తేలాలి, అంతే. పిల్లవాడికి ఏం చెయ్యాలో ఒక్కరడిగితే ఒట్టు. మా మామ మాత్రం, "చూద్దాంలే."

చివరికి పిలుపొచ్చింది. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పింది. ఆమె మాట్లాడింది కన్నడలోనే, నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

"ఆ ముక్క మీలో ఉంది, ఆయనలోనూ ఉంది. ఇద్దరిలోనూ సరిగ్గా ఉంది. బాబులోనే లేదు. తల్లి గుడ్డులోనో తండ్రి బీజంలోనో, అది తయారయ్యేటప్పుడు రాలిపోయింది. ఎవరూ చేసింది కాదు, ఎవరూ ఆపగలిగిందీ కాదు."

"మరి మేనరికం?" అన్నాను.

"మేనరికంతో వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. అక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తారు. ఇది అది కాదు. మీరు ఎవరిని చేసుకున్నా ఇది రావచ్చు."

నేను మా మామ వైపు చూశాను. మా మామ నా వైపు చూశాడు. ఆరేళ్ళు! ఆరేళ్ళ పాటు ఎన్ని గుమ్మాల్లో తలొంచుకుని నిలబడ్డాను! ఒక్కరంటే ఒక్కరు, మాకు తెలియదమ్మా అని అనుంటే ఏం పోయేది? తెలియదు అనే మాటకి వీళ్ళ నోళ్ళేమైనా అరిగిపోతాయా?

తరువాత ఆమె ఒక కాగితం తిప్పి బొమ్మ వేసింది. మెదడులో ఒక కణం. నేను పీయూసీలో గీసిన గుండ్రటి కణం కాదు, కొమ్మలు కొమ్మలుగా చాచుకున్న చెట్టులా ఉంది. ఆ కొమ్మల మీద నిండా చిన్న చిన్న ముళ్ళు గీసింది. ఒక కణం చెప్పే మాట ఇంకో కణం అందుకునేది ఈ ముళ్ళ దగ్గరేనట. ఆ ముల్లు ముల్లులా నిలబడాలంటే లోపల ఒక ప్రొటీను వాసాల్లా పట్టుకుని ఉండాలి. ఆ ప్రొటీను తయారుచేసే జీనే మా వాడిలో పోయింది. షాంక్ త్రీ అని దాని పేరు. రెండు కాపీలుండాల్సిన చోట ఒకటే ఉంది కాబట్టి ప్రొటీను సగమే తయారవుతుంది. పక్కన ఇంకో కొమ్మ గీసింది, దాని మీద ముళ్ళు తక్కువ, ఉన్నవి కూడా సన్నగా, పీలగా. "ఎలుకల మెదడు కణాల్లో ఇలా చూశారు. మనుషుల్లో ఇంకా తెలుసుకుంటున్నారు. బాబు తలలో సరిగ్గా ఇలాగే ఉందని నేను చెప్పలేను" అంది. ఆమె తెలియదన్నందుకు నాకు ఆమె కాళ్ళు మొక్కాలనిపించింది.

ఒకటే అడిగాను. "మందు?"

"లేదమ్మా. ఇప్పటికి లేదు. నేర్పించాలి, ఓపిగ్గా. నమలడానికి గట్టిది ఏదైనా ఇవ్వండి, ఎండలో తిప్పకండి. నొప్పి చెప్పుకోలేడు కాబట్టి రోజూ మీరే ఒళ్ళంతా చూడండి."

మా వాడు అప్పటికి నా కొంగు చివర సగం నమిలేశాడు. వాడి తలలో అంత పని జరుగుతోందని, ఒక్క మాట ఇటునుంచి అటు దాటడానికి అంత కష్టపడాలని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ మొండితనమనుకుని వాడి మీద ఎన్ని కేకలేసుంటాం అందరం.

బస్టాండుకి వచ్చాక మా మామ ఇంటికి ఫోన్ చేశాడు. "ఆ లోపం మా ఇద్దర్లో లేదంటమ్మా" అన్నాడు. ఫోను నా చెవి దగ్గర లేకపోయినా అవ్వ గొంతు నాకు స్పష్టంగా వినబడింది. "చూసినావా! నేను చెప్పలే? మీలో లేదంటే మీ ఇద్దర్నీ దాటుకోని దూకింది. వాళ్ళ తాత దగ్గరనించి నేరుగా పిల్లోనికే దూకింది!"

తల గోడకేసి కొట్టుకుందామంటే బస్టాండులో ఖాళీ గోడ లేదు. ఫోను లాక్కున్నాను. "అవ్వా, దూకడానికి అదేమన్నా మేకపిల్లా? నాయనలో ఉంటే నాకు రావాల, నాలో నించే వీనికి పోవాల. నాలో లేదు. ఇంగ యాడ నించి దూకుతాది?" అవ్వ, "సర్లే, బస్సు ఎక్కి రాండి, కూడు చల్లారిపోతాది" అంది. మా మామ మొహంలో "పోనీలే" వస్తోంది. అది నోటిదాకా రాకముందే, "నువ్వు బాగేపల్లికి పో. నేను చింతామణి బస్సెక్కుతాండా" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. మంచినీళ్ళ సీసా నింపి, తువ్వాలు తడిపి పిల్లవాడి తలమీద వేసి, మా సంచి బస్సులో పెట్టి దిగిపోయాడు. ఆ ఒక్కటి బాగా చేశాడు.

బట్లహళ్ళి చేరేసరికి పొద్దు వాలుతోంది. నాయన వాకిట్లో చంద్రికలు దులుపుతున్నాడు, పురుగులు గూళ్ళు కట్టే వెదురు తట్టలు. మమ్మల్ని చూసి నిలబడ్డాడు. అమ్మ లోపల కత్తిపీట ముందు వంకాయలు కోస్తోంది. నేను చెప్పులు కూడా విప్పకుండా అన్నాను.

"నాయనా, నీది కాదు."

"దాచొద్దని చెప్పినాను కదమ్మా" అన్నాడు.

ఏం చెయ్యాలి ఈ మనిషిని! గడప మీద కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. ముక్క, గుడ్డు, బీజం, కొమ్మ మీది ముళ్ళు, అన్నీ. ఆ లోపం నాలోనూ లేదు, మామలోనూ లేదు, కాబట్టి నీలో ఉందా లేదా అని చూసే పనే లేదన్నాను. తల ఊపుతూ విన్నాడు. అంతా విని, "సరేమ్మా. కానీ ఎవురూ ఇయ్యకపోతే యాడ నించి వస్తాది? వస్తువంటే ఎవురో ఒకరు ఇయ్యాల కదా" అన్నాడు.

నాకు ఓపిక అయిపోయింది. "నాయనా, మన తోటలో అన్నీ ఒకే కట్టె ముక్కలు చేసి నాటినవే కదా? అన్నీ ఒకే ఆకు వెయ్యాల కదా? మరి బావి పక్క మూలలో ఒక చెట్టుకి ఒక కొమ్మ మాత్రం చీలిన ఆకు వేస్తాండాదే, దానికెవరిచ్చినారు? నువ్విచ్చినావా? మూగోడిచ్చినాడా?"

"అది... అదట్లే వచ్చిందిలేమ్మా."

"ఇదీ అట్లే వచ్చింది!" అని గట్టిగా అరిచాను. లోపల అమ్మ చెయ్యి ఆగింది.

మా వాడు నాయన తువ్వాలు అంచు లాక్కుని నములుతున్నాడు. నాయన ఈసారి విడిపించుకోలేదు. ఆయన చూపు మాత్రం వాడి మీద లేదు, లోపల అమ్మ కాలికింద ఉన్న కత్తిపీట మీద ఉంది.

"మా తమ్మునికి కూడా ఎవురూ ఇయ్యలేదేమో కదమ్మా" అన్నాడు.

"ఏమో నాయనా. ఆయనకి ఏముండెనో ఎవరూ చూడలేదు కదా."

"వాడు కడుపులో ఉండంగా గ్రహణం పట్టిందంట. మాయమ్మకి తెలీక గుమ్మడికాయ కోసిందంట. వాడు మాట్లాడకపోయేసరికి మా నాయన, మా నాయనను కన్నామె, ఊరంతా అదే మాట. నువ్వు కోసినావు, వాని నాలిక తెగింది అని. మా నాయన ఇంకొకామెను తెచ్చుకున్నాడు. మాయమ్మ ఆ కత్తిపీటని బావిలో పారేసొచ్చింది. సచ్చేదాకా కత్తి ముట్టలే. పోయేముందు కూడా నా చెయ్యి పట్టుకోని, నేనే కోసినాన్రా వాని మాటని అనింది."

బెండకాయలు విరిచే ఆ వేళ్ళు, కొడవలి తియ్యమని నన్ను పిలిచే ఆ గొంతు. చాదస్తమనుకున్నాను నేను.

నాయన నా వైపు తిరిగాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు. "మాయమ్మ కొయ్యలేదు కదమ్మా?"

ఆ బాబాయికి ఏ జీను పోయిందో, అసలు పోయిందో లేదో ఏ డాక్టరూ ఇప్పుడు చెప్పలేరు. కానీ గ్రహణం సంగతి చెప్పడానికి డాక్టరు ఎందుకు?

"కొయ్యలేదు నాయనా" అన్నాను. "జేజి ఏం చెయ్యలేదు."

"ఆ మాట చెప్పేదానికి ఆమె లేదే" అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుందామంటే దాని ఇంకో కొస మా వాడి నోట్లో ఉంది. అరచేత్తోనే తుడుచుకున్నాడు.

అంతకు ముందు నాకు ఎవరో ఒకరి మీద కోపముండేది. అవ్వ మీద, డాక్టర్ల మీద, మామ మీద. ఆ నిమిషంలో మాత్రం ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియక, గడప మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. మా పెళ్ళిళ్ళలో, పంక్తుల్లో, ఎప్పుడూ నోరు విప్పని అమ్మ, "రేపు నేనొస్తాను బాగేపల్లికి. మాయమ్మకి నేను చెప్తా" అంది.

నాయన లేచాడు. తొట్టి దగ్గర తన కాళ్ళు కడుక్కుని, వంగి మా వాడి కాళ్ళు కూడా కడిగాడు, వేళ్ళ సందుల్లో కూడా. వాడిని ఎత్తి భుజాన వేసుకున్నాడు. వాడు ఎప్పటిలాగే మెత్తగా వాలిపోయాడు. ఇద్దరూ పురుగుల ఇంట్లోకి పోయారు. లోపల పురుగులు ఆకు తింటున్న చప్పుడు వాకిలిదాకా వినబడుతోంది. కాసేపటికి ఆ చప్పుడు మధ్యలోంచి నాయన గొంతు వినబడింది, వాడితోనో, పోయిన జేజితోనో తెలియదు. "నువ్వేం చెయ్యలేదంట" అంటున్నాడు.